ఐదో పిడికిలి

ఒడిబియ్యం మూట కట్టుకొని సముద్రాలు దాటినదాన్ని జనగామ తాలూకాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. దాటి ఏం లాభం, మూట చేరలేదు, నేను చేరాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా ఆడబిడ్డ ఊర్మిళ, ఆమె భర్త శ్రీపాల్ న్యూజిలాండులో క్రైస్ట్‌చర్చ్ అనే పట్నంలో ఉంటారు. శ్రీపాల్ ఎముకల డాక్టరు. డెబ్భై ఆరులో పోయినవాళ్లు మళ్లీ ఇటు ముఖం చూపించలేదు. ఎనభై ఐదు జనవరిలో శ్రీపాల్ నుంచి మా ఆయనకు ఉత్తరం వచ్చింది. ‘బావా, నువ్వూ అక్కా రండి, ఇల్లులాంటి మోటారు బండిని కిరాయికి తీసుకొని పది రోజులు ఊళ్లు తిరుగుదాం, వంటా పడకా అందులోనే’ అని. మా ఆయన వెంకట్రాం జనగామలో ఎరువుల దుకాణం నడుపుతాడు. యూరియా, పొటాషు తప్ప మూడో మాట తెలియని మనిషి. ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి “పోదాం” అన్నాడు. చెల్లెలి మీద ప్రాణం.

మా దిక్కున పెళ్లైన ఆడపిల్లను నాలుగైదేండ్లకోసారైనా పుట్టింటికి పిలిచి ఒడిలో బియ్యం పోస్తారు. పసుపు పట్టించిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, కొత్త చీర. తల్లి లేకపోతే వదిన పోస్తుంది. ఊర్మిళకు తల్లి లేదు. తొమ్మిదేండ్లుగా ఆమెకు ఒడిబియ్యం లేవు. ఎందుకు రావడం లేదంటే దూరం అని, సెలవు దొరకదు అని చుట్టాలు అనుకునేవారు. మా ఆయన అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. నాకు అసలు సంగతి తెలుసు. నేను రాసిన ఒక ఉత్తరం వల్ల ఆమె రావడం లేదు.

డెబ్భై ఆరులో వాళ్లు దేశం విడిచే ముందు, మా సొంతూరు కొడకండ్లలో మా ఇంట్లో ఊర్మిళకు ఒడిబియ్యం పోశాం. ముప్పై మంది చుట్టాలు. నాకు మూడో నెల. పొద్దున్నుంచి ఒకవైపు వాంతులు, ఒకవైపు వంటలు. ఆమెను తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి నేను దోసిలి నింపి పోస్తుంటే, ఊర్మిళ అందరి వైపూ చూసి నవ్వుతూ, “మా వదిన దోసిట్ల పిట్టమేతంత గూడ పట్టదు” అంది. వదినా ఆడబిడ్డల మధ్య ఇలాంటి ఎకసెక్కాలు ఉండేవే. ఇంకో రోజైతే నేనూ రెండు అంటించేదాన్ని. ఆ రోజు అందరూ పకపకా నవ్వేసరికి నా ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. ఐదు దోసిళ్లు పోసేసి వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

ఒడిబియ్యం పోసుకున్న ఆడపిల్ల గడప దాటేముందు తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటికి తిరిగి ఇవ్వాలి. పుట్టింట్లో గింజ తరగకూడదని. ఇచ్చేది ఆమెనే గాని, కొంగు పట్టి అడిగి తీసుకోవలసింది పోసిన మనిషి. ఊర్మిళ “వదినా, రా” అని రెండుసార్లు పిలిచింది. విన్నాను, కదలలేదు. బయట కిరాయి కారు హారన్ మోగుతూనే ఉంది, జనగామలో రైలుకు టైమవుతోంది. మూడోసారి పిలవకుండానే ఆమె వెళ్లిపోయింది.

రెండు నెలలకు నా కడుపు పోయింది. హన్మకొండ దవాఖానలో మంచం మీద పడుకొని విమానం బొమ్మ ఉన్న నీలం కాగితం తెప్పించుకున్నాను. ‘ఐదు పిడికిళ్లు పెట్టకుండ పోయినవు. మా ఇంటి గింజ నీ ఎంటనే పోయింది, నా కడుపుల గింజ గూడ పోయింది’ అని రాసి, మా ఆయనకు చూపకుండా నర్సుతో పోస్టు డబ్బాలో వేయించాను. తర్వాత రెండేళ్లకు మా అరుణ పుట్టింది. బావిలో నీళ్లు తగ్గలేదు, గాదెలో గింజ తగ్గలేదు. తప్పు నాదేనని రెండో ఉత్తరం రాయాల్సింది. రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అనుకుంటూ తొమ్మిదేండ్లు గడిపాను. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను నోరు కాదు, కలమే జారాను. ఊర్మిళ అన్నకు రాసే ఉత్తరాల్లో చివరన ‘వదినకు నమస్కారాలు’ అనే రెండు మాటలే నాకు మిగిలాయి.

అందుకే మూట కట్టాను. పోయి, ఆమె ఒడిలో మళ్లీ బియ్యం పోసి, ఈసారి కొంగు పట్టి అడగాలి. తప్పు నాదని చెప్పాలి. ఒడి పడుతుందో పట్టదో తెలియదు. ఆ దేశంలో చూడవలసినవి ఏమేం ఉన్నాయో శ్రీపాల్ రెండు పేజీలు రాశాడు. నేను ఒక్కటీ గుర్తుపెట్టుకోలేదు.

బియ్యం మా పొలంలోవే. కొడకండ్ల నుంచి గోప్యా, అతని భార్య లచ్చి తెచ్చారు. తండా వాళ్లు, ఇరవై ఏండ్లుగా మా పొలం చూసేది వాళ్లే. లచ్చి మా జనగామ ఇంటి వాకిట్లో కూర్చొని చేటలో రాళ్లు ఏరుతూ అడిగింది.

“ఇల్లుండంగ బండ్ల పండుకునుడేందమ్మా?”

“ఆ దేశంల గదే సోకట లచ్చీ.”

“మా తాతలు గట్లనే తిరిగిండ్రు, ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట. మమ్ముల జూసి ఇల్లూ వాకిలి లేనోళ్లన్నరు. మీరు జేస్తే సోకైతదా?” అని నవ్వింది.

“మరి మీ తాతలకు ఇంటి మీద మనసు గొట్టకపోయేదా?”

“బండాగిన కాడ పొయ్యి ముట్టిచ్చి పాలు పొంగిస్తే గదే ఇల్లు. ఇల్లంటే గోడలా?”

ఆ మాటను అప్పుడు ఒక చెవితోనే విన్నాను. అరుణను దంతాలపల్లిలో మా అమ్మ దగ్గర దించి, ఫిబ్రవరి మొదటి వారంలో బయలుదేరాం. బొంబాయి, సింగపూర్, ఆక్లాండ్. ఎక్కిన ప్రతి విమానంలోనూ మూట నా ఒళ్లోనే.

ఆక్లాండులో దిగాక ఒక కాగితం నింపాలి. తినే వస్తువులు తెచ్చారా అని అందులో ఉందట. మా ఆయన అబద్ధమాడడు. ‘తెచ్చాం’ అన్నచోట టిక్కు కొట్టాడు. సామాను తనిఖీ చేసే ఒక తెల్ల పిల్లగాడు బల్ల మీద మూట విప్పించాడు. పచ్చటి బియ్యం, రెండు కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు. తల అడ్డంగా ఊపాడు.

“గవి తినే బియ్యం గావని జెప్పుండ్రి” అన్నాను మా ఆయనతో.

“మరేమని జెప్పాలె?”

“ఒడిబియ్యమని.”

మా ఆయన ఇంగ్లీషు ఎరువుల బస్తాల మీద రాసినంత మట్టుకే. అయినా చాలాసేపు ఏదో చెప్పాడు. ఆ పిల్లగాడు ఓపికగా విన్నాడు, సారీ అన్నాడు, విత్తనాలూ పురుగులూ దేశంలోకి రావద్దని ఏదో వివరించాడు. తర్వాత, ఎందుకో గాని, మూటను మళ్లీ ముందున్నట్టే ముడివేసి అప్పుడు చెత్తడబ్బాలో వేశాడు. వాని పని వాడు చేశాడు. నాకు మాత్రం కొడకండ్ల పొలం మొత్తాన్ని ఆ డబ్బాలో వేసినట్టయింది. పెట్టెలో చీర మాత్రం మిగిలింది.

శనివారం మధ్యాహ్నం క్రైస్ట్‌చర్చిలో దిగాం. ఊర్మిళ, శ్రీపాల్ వచ్చి ఉన్నారు. ఊర్మిళ జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, ప్యాంటు వేసుకుంది, బక్కచిక్కింది. అన్నను పట్టుకొని ఏడ్చింది. నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ జోడించింది.

“రండి వదినా. ప్రయాణం మంచిగ జరిగిందా?”

ఒకప్పుడు నన్ను ‘ఏమే వదినా’ అని పిలిచిన పిల్ల. కొట్టినా ఇంత బాధ అయ్యేది కాదు.

కారులో పోతుంటే పట్నం చూశాను. చదునుగా చేటలో పోసినట్టున్న ఊరు. దూరంగా బోడిగుట్టలు. ఇండ్లన్నీ కట్టెతో కట్టినవి, పైన రేకులు. మా దిక్కున రేకుల ఇల్లంటే పెంకలు కొనలేనివాడి ఇల్లు. ఇంత పెద్ద డాక్టరు ఇల్లు కూడా కట్టె గోడలే, ఎర్ర రంగు రేకులే. తొమ్మిదేండ్లు కష్టపడి వీళ్లు సంపాదించింది ఇదా అని నాకు జాలేసింది. మా ఆయన మాత్రం దారి పొడుగునా గడ్డినే చూశాడు.

“శ్రీపాల్, గీ గడ్డికి యూరియ ఏస్తరా?”

“నాకు ఎముకలు తప్ప ఏం తెల్వది బావా.”

ఎవరూ హారన్ కొట్టరు. ఎవరూ ఎవరినీ కేకేసి పిలవరు. కుక్కలు కూడా ఊరికే మొరగవు. ఊరి మధ్యనుంచి ఒక చిన్న ఏరు, పక్కన సైకిళ్ల మీద ముసలమ్మలు. మా ముసలమ్మలు ఎడ్లబండి ఎక్కడానికే ఇద్దరి సాయం అడుగుతారు. మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతోంది. మనకు కుడివైపు తిరగవలసిన పొద్దు అక్కడ ఎడమవైపు తిరుగుతుందని శ్రీపాల్ చెప్పాడు. తూర్పు మాత్రం తూర్పేనా అని అడిగాను. తూర్పు తూర్పే అన్నాడు. అదొక్కటి నాకు అవసరం.

ఇంటి ముందు పెద్ద తెల్ల బండి నిలబడి ఉంది. సోమవారం పొద్దున బయలుదేరాలి, ఆదివారం కిరాయి ఆఫీసు తీయరు కాబట్టి శనివారమే తెచ్చి పెట్టాడట. దాన్ని మోటార్‌హోమ్ అంటారట. నేను బండిల్లు అన్నాను. మడతపడే రెండు మెట్లు, లోపల గ్యాసు పొయ్యి, రాత్రికి మంచాలయ్యే బల్లలు, బట్టల బీరువా అంత స్నానాల గది. శ్రీపాల్ ప్రతి తలుపూ తీసి మూసి చూపించాడు. ఊర్మిళ మెట్లు ఎక్కలేదు. ఇంట్లో నుంచే “అన్నం చల్లారుతున్నది” అని పిలిచింది.

వాళ్లకు పిల్లలు లేరు. ఎందుకని అడిగే ముఖం నాకు లేదు.

ఆదివారం పొద్దున శ్రీపాల్ ఊరు చూపిస్తానని నలుగురినీ నడిపించుకుపోయాడు. నడి ఊళ్లో పెద్ద చర్చి, దాని ముందు రాళ్లు పరిచిన చౌకు. చుట్టూ దుకాణాలు. ఒక్కటీ తీసి లేదు. అద్దాల తలుపులకు తాళాలు. ఇంత పెద్ద బజారులో మేం నలుగురం, నాలుగు పావురాలు.

మా ఆయన ఆగిపోయాడు. ముఖంలో నిజమైన భయం.

“ఏం గొడవైంది శ్రీపాల్ ఈడ? ఎవలు పిలిచిండ్రు బంద్?”

శ్రీపాల్ విరగబడి నవ్వాడు. “బంద్ గాదు బావా, ఆదివారం. ప్రతి ఆదివారం గిట్లనే.”

నాకు నవ్వు రాలేదు. ఆ ఖాళీ రోడ్డు నాకు తెలుసు. అరవై తొమ్మిదిలో నేను కొత్త కోడల్ని. ఊర్మిళ హన్మకొండలో డిగ్రీ చదివేది. తెలంగాణ కావాలని పిల్లలు రోడ్లెక్కారు, కాలేజీలు మూతపడ్డాయి, ఏడాది చదువు గంగలో కలిసింది. ఊర్మిళ ఇంటికొచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఒకటే ఈడు. బంద్ అంటే బస్సుల్లేవు, లారీల్లేవు, జనగామ రోడ్డు మీద పురుగు లేదు. అన్న సైకిలు దొంగతనంగా తీసి నాకు తొక్కడం నేర్పింది ఆమె. కోడలు సైకిలెక్కిందని మామకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు, అందుకని బంద్ రోజు మాత్రమే. ఎన్ని బందులైతే అన్ని పాఠాలు. బ్రేకు దాకా వచ్చేసరికి ఉద్యమం చల్లబడింది, బస్సులు తిరిగాయి, నా చదువు అక్కడితో ఆగింది.

ఒక ముసలమ్మ సైకిలు మీద చౌకు దాటుతోంది. నేను ఆమెనే చూస్తున్నానని ఊర్మిళ చూసింది.

“నీకు బ్రేకు ఇప్పటికి రాదా వదినా?”

“ఎట్లస్తది? మల్ల ఎవలు నేర్పిండ్రు?”

పెదవి కొసన నవ్వు వచ్చింది. రాగానే దాన్ని చెరిపేసుకుంది. “పోదాం పాండ్రి, ఎండైతున్నది” అని ముందు నడిచింది. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది. తొందరపడ్డాను. కోపం లాగే నా ధైర్యానికి కూడా ఆగడం తెలియదు.

మధ్యాహ్నం అన్నాలు కాగానే అన్నాను. “ఊర్మిళా, బియ్యం ఆక్లాండుల గుంజుకున్నరు గని చీర ఉన్నది. రేపు బండెక్కేముందు నీకు ఒడిబియ్యం పోస్త.”

గిన్నెలు కడుగుతున్న ఆమె చేయి ఆగింది. ఇటు తిరగలేదు.

“ఒడిబియ్యం పుట్టింట్ల పోస్తరు వదినా. ఇది నా ఇల్లు. ఈడ చెల్లది, మీకు తెల్వందా?”

“గంత దూరంకెల్లి మోసుకొచ్చింది చెల్లే...” అన్నాడు మా ఆయన.

“నాకు ఇంక ఒడి వద్దన్నా. వచ్చిండ్రు, మంచిగ తిరుగుదాం. గది మాత్రం వద్దు.”

నాకు సిగ్గూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా నోటికి కోపమే ముందు అందుతుంది. అందుకని నోరు మూసుకొని బయటికి వచ్చేశాను. బండిల్లు మెట్ల మీద కూర్చున్నాను. ఊర్మిళ చెప్పింది తప్పు కాదు. పుట్టింట్లోనే పోయాలి. పుట్టిల్లు కొడకండ్లలో ఉంది, ఏడు సముద్రాల అవతల. ఇక్కడ నేను కూర్చున్నది మడతపడే రెండు మెట్ల మీద.

అప్పుడు లచ్చి మాట రెండో చెవిలోకి వచ్చింది.

లేచి శ్రీపాల్ దగ్గరకు పోయాను. “తమ్మీ, బండి తాళంచెవి ఇయ్యి. ఇయ్యాలటి సంది నేనూ మీ బావా అండ్లనే ఉంటం.”

“ఇంట్ల మంచిగ మంచాలుండంగ అక్కా?”

“అలవాటు గావాలె గద.”

ఇచ్చేశాడు. పాపం, మర్యాదస్తుడు. మా ఆయన్ను లేపి, బియ్యం కొనాలి పదండి అన్నాను. ఊర్మిళ ఇంట్లోని బియ్యం పనికిరావు, అవి అత్తింటి బియ్యం. అన్న జేబులోంచి రావాలి. వీధి చివర పాలూ రొట్టెలూ అమ్మే చిన్న కొట్టు ఒకటి ఆదివారం కూడా తీసి ఉంటుందని పొద్దున చూసుకున్నాను.

నడుస్తుండగా మా ఆయన అన్నాడు. “ఆమె వద్దన్నది గద మనోరమా. ఎందుకు గింత పట్టువడుతవు?”

చెప్పాను. దవాఖాన మంచం, నీలం కాగితం, అందులో రాసిన ప్రతి మాటా. రోడ్డు మీదే, నడుస్తూనే. విని పది అడుగులు వేశాడు. ఆగాడు. ఎవరిదో కంచె పట్టుకొని నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“తొమ్మిదేండ్లు” అన్నాడు. “చెల్లె ఎందుకు రాదని తొమ్మిదేండ్లు నిన్నే అడిగిన.”

కొట్టు దాకా నా కన్నా ముందు నడిచాడు.

కొట్టాయన గుజరాతీ. నాకొచ్చిన ఉర్దూ కలిసిన హిందీలో చావల్ అడిగాను. పాయసం చేసుకునే పొట్టి బియ్యం అర్ధకిలో పొట్లాలు ఉన్నాయి, లెక్కగా ఐదు. తూకం తక్కువైనా సంఖ్య కుదిరింది, అదే శకునం అనుకున్నాను. కుడుకలు లేవు, తురిమిన కొబ్బరి పొట్లం తీసుకున్నాను. ఖర్జూరాలు దొరికాయి. ఒక సీసా పాలు. సంచీ మా ఆయనే మోశాడు, నా చేతికి ఇవ్వలేదు. బండి ఆగిన చోట పాలు పొంగిస్తే అదే ఇల్లని లచ్చి అన్నది, పాలు అందుకేనని దారిలో చెబితే నా వైపు తిరగకుండానే విన్నాడు. ఊర్మిళ వంటింట్లో పసుపు డబ్బా మాత్రం శ్రీపాల్‌ను అడిగి తెచ్చుకున్నాను. పసుపు అడుక్కుంటే తప్పు లేదు.

సోమవారం తెల్లవారగానే నేను స్నానం చేసి వచ్చేసరికి, మా ఆయన బండిల్లు పొయ్యి ముందు నిలబడి అగ్గిపుల్ల గీస్తున్నాడు. చిన్న గిన్నె పెట్టి పాలు పోశాడు. ఆయన జీవితంలో పొయ్యి ముట్టించగా చూడడం అదే మొదటిసారి. ఇద్దరం పాలు పొంగేదాకా నిలబడ్డాం. పొంగి పొయ్యి మీద పడ్డాయి. కమురు వాసన వచ్చింది.

“పో, పిలుసుకరా” అన్నాడు.

కుంకుమ భరిణె పట్టుకొని రెండు మెట్లు దిగి, పదడుగులు నడిచి, ఆ రేకుల ఇంటి తలుపు కొట్టాను. ఊర్మిళ గౌను మీద స్వెటరు వేసుకొని వచ్చింది.

“మా ఇంట్ల ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నం. నువ్వు రావాలె ఊర్మిళమ్మా” అని బొట్టు పెట్టబోయాను.

“మీ ఇంట్లనా? ఏడున్నది?”

“గదిగో. మీ అన్న నిన్న దిగిండు. పాలు పొంగిచ్చిండు. నమ్మకపోతే పొయ్యి జూడు, ఎట్ల ఖరాబైందో. మీ అన్న పండుకొని లేచిన ఇల్లు నీకు పుట్టిల్లు గాదా?”

ఊర్మిళ నా భుజం మీదుగా చూసింది. మా ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాల, కొడకండ్ల ఇంటి గడపలో నిలబడినట్టే. తర్వాత నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టాను. కుంకుమ ముక్కు మీద కూడా పడింది.

లోపలికి వచ్చింది. గౌను మీదే మేం తెచ్చిన చీర చుట్టుకొని, తూర్పు ముఖంగా బల్ల మీద కూర్చుంది. పచ్చటి బియ్యం పళ్లెంలో ఉన్నాయి. దోసిలి పెట్టేముందు నేను అన్నాను.

“ముందుగాల ఒక మాట విను. ఆనాడు నువ్వు పిలిచినవు. రెండుసార్లు పిలిచినవు. నేను వంటింట్లనే ఉన్న. విన్న. కోపంతోని రాలే. తప్పు నాది. ఉత్తరంల నీ మీద ఏసిన.”

ఊర్మిళ తల ఎత్తింది. “విన్నవా?”

“విన్న.”

“నేను వినలేదనుకున్న వదినా. చప్పుడుల వినవడలేదనుకున్న. మూడోసారి పిలువకపోతినే అని...” ఆగిపోయింది. చీర అంచును వేళ్లకు చుట్టుకుంది. “నీ ఉత్తరం వచ్చిననాడు నాకు నాలుగో నెల. ఎవ్వరికి రాయలే అప్పటికి. పది దినాలకు పోయింది. మల్ల నిలువలే. నువ్వు రాసింది నిజమేననుకున్న. పుట్టింటి గింజ ఎత్తుకొచ్చినదాన్ని, నాకు తాకింది అనుకున్న. డాక్టరు పెండ్లాన్ని, గీ మాట ఎవలతోని జెప్పుకోను?”

ఆ ఇరుకు బండిలో ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఏడ్చాను. తొమ్మిదేండ్లు నా కడుపు పోయిందనే నాకు తెలుసు. ఆ నీలం కాగితం ఇంకో కడుపు మీద పడిందని తెలియదు. “మల్ల అరుణ పుట్టింది, నేను గొడ్రాలిని గాలే, నీకు తాకలే, గింజకూ దానికీ ఏం సంబంధం లేదే” అని ఏదేదో అన్నాను. మా ఆయన అటు తిరిగి కిటికీలోంచి చూస్తున్నాడు. భుజం మీది తువ్వాల ముఖానికి పోయింది.

ఊర్మిళ అడిగింది. “పిట్టమేత అన్నందుకేనా?”

“గందుకే.”

“గా ఒక్క మాటకా?”

“గా ఒక్క మాటకే.”

ఆమె నన్నే చూసింది. కోపమో, ఏడుపో, నాకు అర్థం కాలేదు. నేను చూపు దించలేదు. దించే హక్కు లేదనిపించింది. చివరికి రెండు చేతులా చీర చెంగు పరిచి, ఒడి పట్టింది.

“పొయ్యి వదినా.”

ఐదు దోసిళ్లు పోశాను. పొట్టి బియ్యం, కొబ్బరి తురుము, ఖర్జూరాలు. మా ఆయన వంగి చెల్లెలి తల మీద చేయి పెట్టాడు. సరిగ్గా అప్పుడే శ్రీపాల్ ముందు తలుపు తీసుకొని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎనిమిదింటికల్లా ఊరు దాటాలని అతని తొందర. ఏం జరుగుతోందో తెలియదు, హారన్ కొట్టాడు.

“ఆగవయ్యా!” అని మా ఆయన అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. హారన్ ఆగిపోయింది.

నేను లేచి నా కొంగు రెండు చేతులా పట్టాను. “పెట్టవే ఊర్మిళా. పుట్టింటికి ఐదు పిడికిళ్లు పెట్టు” అని అడిగాను.

ఒకటి పెట్టింది. రెండు. మూడు. నాలుగు. ఐదోసారి పిడికిలి బిగించి, అలాగే ఒడిలో ఉంచుకుంది.

“ఇది ఈడ పెట్ట” అంది.

నేను కొంగు వదలలేదు. “నాలుగు పెట్టొద్దే, తక్కువైతది...”

“కానియ్యి. ఇది కొడకండ్లల పెడ్త. నువ్వు వంటింట్ల ఉండాలె. నేను గడపల నిలవడి పిలుస్త.”

“ఒక్కసారి పిలువు” అన్నాను. “ఉరికొస్త.”

“ఎట్లొస్తవు? నీకు బ్రేకు రాదు గద” అంది, ఏడుస్తూనే.

ఐదో పిడికిలిని రుమాలులో వేసి మూడు ముళ్లు వేసుకుంది. నాలుగు పిడికిళ్లను నేను కొంగున కట్టుకున్నాను. మా ఆయన కన్నీళ్లు తుడుచుకొని, ముందుకు వంగి శ్రీపాల్‌తో “ఇగ పోనియ్యి” అన్నాడు.